రెండు కాగితాలు, రెండు సంతకాలు

రాజోలు వైపు ఒక ఊరి నుంచి ఒక అధ్యాపకురాలు పదకొండు పేజీల ఉత్తరం రాశారు. పేర్లు, ఊరు తీసేసి ముఖ్యమైన సంగతులు ఇక్కడ చెబుతాను.

ఆమెకు 36 ఏళ్లు. ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతారు. నాన్నగారు నాలుగేళ్ల కిందట వీలునామా రాయకుండానే కన్నుమూశారు. ఆయన తన సంపాదనతో కొన్న పాత మండువా లోగిలి, ఎకరన్నర కొబ్బరి తోట మిగిలాయి. ఆ ఇంట్లో ఇప్పుడు అమ్మగారు ఒక్కరే ఉంటున్నారు. అక్క, బావగారు అదే ఊళ్లో పక్క వీధిలో ఉంటారు.

బావగారు పన్నెండేళ్లుగా సినిమా యూనిట్లకు ఇక్కడి పనులన్నీ చూసిపెడుతున్నారు. లొకేషన్లు వెతకడం, అనుమతులు తేవడం, గదులు, భోజనాలు, నావలు, ఎడ్లబండ్లు, జాతర సీనుకి రెండొందల మంది జనం... ఏది కావాలన్నా ఆయనకే ఫోను వస్తుంది. రెండేళ్లుగా యూనిట్ల రాక తగ్గింది. నిరుడు ఒక కంపెనీ వాళ్లు ప్యాకప్ చెప్పి వెళ్లిపోయారు, మూడున్నర లక్షల బాకీ ఇంకా రాలేదు.

ఇప్పుడు ఆయన ఆమె ముందు రెండు కాగితాలు పెట్టారు. ఒకటి ప్రభుత్వానికి వినతిపత్రం. మన జిల్లాలో తీసే సినిమాలకు అయిన ఖర్చులో 30 శాతం ప్రభుత్వం వెనక్కి ఇవ్వాలని, అలా ఇస్తే ఇచ్చిన ప్రతి రూపాయికీ ఐదు రూపాయలు ఖజానాకు తిరిగొస్తాయని అందులో రాసి ఉంది. ‘ఎకనామిక్స్ మేడమ్’ సంతకం ఉంటే కాగితానికి బరువుంటుందని ఈ పని చేసేవాళ్లంతా అడుగుతున్నారు. రెండోది బ్యాంకు కాగితం. క్యారవాన్, జనరేటర్ వ్యాన్ కొనడానికి 45 లక్షల అప్పు, దానికి ఇల్లు తాకట్టు. రాయితీ వస్తే యూనిట్లు బారులు తీరతాయని, అప్పటికి బండ్లు సిద్ధంగా ఉండాలని ఆయన ఆలోచన.

‘ఆ ఐదు రూపాయల లెక్క ఎక్కడిది బావగారూ?’ అని ఆమె అడిగారు. ఆయన నొచ్చుకున్నారు. అక్క మాత్రం గట్టిగానే అంది: ‘నీకు ఒకటో తారీఖున జీతం పడుతుంది. అందుకే నీకు లెక్కలు గుర్తొస్తాయి.’ నెలన్నరగా అక్కాచెల్లెళ్ల మధ్య మాటల్లేవు. ‘రాయితీ మంచిదో కాదో నాకే తేలడం లేదు. సంతకం పెడితే నేను చెప్పే పాఠానికి నేనే ద్రోహం చేసినట్టుంది. పెట్టకపోతే అక్క వాళ్ల కూటికి అడ్డుపడినట్టుంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చెయ్యను?’ అని ఉత్తరం ముగించారు.

అమ్మా, మీ అక్క అన్న మాట దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే మీ ఉత్తరంలో అన్నిటికంటే ఎక్కువ నొప్పి ఉన్నది అక్కడే. ఆ మాట మీకు ములుకులా తగిలింది, నిజమే. కానీ అందులో ఒక సత్యం ఉంది. మీకు నెల తిరిగేసరికి జీతం వస్తుంది. ఆవిడ ఇంట్లో ఫోను మోగితేనే డబ్బు. పైగా మూడున్నర లక్షలు ఎవరో ఎగ్గొట్టి కూర్చున్నారు. ఆ స్థితిలో ఉన్న మనిషికి ‘ఈ లెక్క ఎక్కడిది’ అన్న ప్రశ్న, ‘మీ ఆయన అబద్ధం చెబుతున్నాడు’ అన్నట్టే వినిపిస్తుంది. మీరు ఆ ఉద్దేశంతో అనలేదని నాకు తెలుసు. ఆవిడకు తెలియకపోవచ్చు.

ఇక, మీరు ఒక్క ముడి అనుకుంటున్నదాంట్లో మూడు ముడులున్నాయి. సినిమాలకు ప్రభుత్వం డబ్బివ్వడం సబబేనా? ఈ వినతిపత్రం కింద మీ పేరు ఉండాలా? ఇల్లు తాకట్టు పెట్టాలా? ఈ మూడూ ఒకదానికొకటి కట్టేసి మీ ముందుకొచ్చాయి కాబట్టి ఒకదానికి కాదంటే మూడింటికీ కాదన్నట్టు అవుతోంది. మొదటిదానికి అవుననీ, మూడోదానికి వద్దనీ చెప్పే వీలు మీకుంది.

మొదటి ప్రశ్న మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను. నేను పాతికేళ్లు రాజమండ్రిలో ఒక ఆడిటర్ గారి దగ్గర పద్దులు చూశాను. చిన్న సినిమాల లెక్కలు కొన్ని నా చేతుల మీదుగా వెళ్లాయి. ఆ అనుభవంతో చెబుతున్నాను, మీ బావగారి కాగితంలో ఐదు రూపాయల మాట కొట్టేయాలి. అనుమానం కొద్దీ కాదు, అది జరగడానికి వీల్లేనిది కాబట్టి. మీరే వేసి చూడండి. యూనిట్ వాళ్లు ఇక్కడ రూపాయి ఖర్చు పెడితే ప్రభుత్వం 30 పైసలు వెనక్కి ఇస్తుంది. ఆ 30 పైసలకు ఐదింతలు ఖజానాకు రావాలంటే రూపాయిన్నర పన్ను రావాలి. ఖర్చు పెట్టిందే రూపాయి!

ఈ ఐదింతల లెక్క పుట్టేది ఎలాగంటే, యూనిట్ వంటమేస్త్రీకి ఇచ్చిన డబ్బు బియ్యం కొట్టుకు, కొట్టు నుంచి మిల్లుకు, మిల్లు నుంచి రైతుకు వెళుతుంది. ప్రతి చేతి దగ్గరా ఆ రూపాయినే మళ్లీ మళ్లీ కూడతారు. అలా చేతులు మారడం నిజమే, ఊరికి అది మంచిదే. కానీ అది జనం చేతుల్లో తిరిగిన డబ్బు, ఖజానాకు వచ్చిన డబ్బు కాదు. ఖజానాకు వచ్చేది మధ్యలో పడే పన్ను మాత్రమే. మామూలు లాడ్జి గదికి జీఎస్టీ 5 శాతం, అందులో సగం కేంద్రానిది. అంటే గది అద్దె రూపాయిలో రాష్ట్రానికి దక్కేది రెండున్నర పైసలు. జాతర సీనులో నిలబడ్డ మనిషి కూలి మీద పన్నే లేదు. డీజిల్ జీఎస్టీలో లేదు కాబట్టి దాని మీద వ్యాట్ మొత్తం రాష్ట్రానికే వస్తుంది, అక్కడ కొంచెం నయం. అన్నీ కలిపినా ఇచ్చిన 30 పైసలు పన్ను రూపంలో తిరిగి రావు. ఆర్థిక శాఖలో ఏ గుమాస్తా అయినా ఈ లెక్క రెండు నిమిషాల్లో వేస్తాడు. ఆ ఒక్క వాక్యం తప్పని తేలితే మిగతా కాగితంలో ఉన్న నిజమైన గోడు కూడా చెత్తబుట్టలోకి పోతుంది. ఇది మీ బావగారికి చెప్పాల్సిన మొదటి సంగతి.

అలాగని రాయితీ వృథా అని నేను అనను. ఖజానా డబ్బు పెట్టకూడదనే వాదన మన డెల్టాలో నిలవదు. 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తయింది సర్కారు డబ్బుతోనే. మన కాలువలు, మన వరి, మన కొబ్బరి, మన మండువా ఇళ్లు అన్నీ ఆ ఖర్చులోంచి వచ్చినవే. ప్రభుత్వం బడి నడిపినా, డ్రెయిన్ తవ్వించినా పన్ను రూపంలో వెంటనే తిరిగి రాదు. జనానికి మేలు జరుగుతుందని పెడుతుంది. కాబట్టి వినతిపత్రం ‘మాకిస్తే మీకు లాభం’ అనకుండా ‘ఇది ఖర్చే, కానీ ఈ ఖర్చుతో ఇంతమందికి ఇన్ని రోజుల పని దొరుకుతుంది’ అనాలి. అప్పుడది నిలబడే వాదన అవుతుంది.

ఆ వాదన ఎంత బలమైనదో తేల్చేది ఒకే ఒక్క ప్రశ్న. రాయితీ లేకపోయినా ఆ సినిమా వచ్చేదా? ఒక ఊహాలెక్క వేస్తాను. ఒక యూనిట్ నెల రోజులు కోనసీమలో ఉండి ఇక్కడి మనుషుల చేతుల్లో కోటి రూపాయలు పెట్టిందనుకోండి. రోజుకు 120 మంది మనవాళ్లు పనిచేశారనుకోండి, మొత్తం 3,600 పనిదినాలు. రాయితీ 25 శాతమైతే ప్రభుత్వానికి అయ్యేది 25 లక్షలు, అంటే పనిదినానికి దాదాపు 695 రూపాయలు. ఉపాధి హామీలో 2025-26కి మన రాష్ట్రంలో రోజు కూలి 307 రూపాయలు. దాంతో పోలిస్తే ఎక్కువే అయినా వాదించదగ్గ లెక్క. అయితే నాలుగు సినిమాలు రాయితీ తీసుకుంటే అందులో మూడు ఎలాగూ వచ్చేవే అనుకోండి. అప్పుడు కొత్తగా వచ్చిన ఆ ఒక్క సినిమా కోసం ప్రభుత్వం నాలుగు 25 లక్షలు పెట్టినట్టు. పనిదినం ఖరీదు 2,780 రూపాయల దాకా పోతుంది. అదే రాయితీ, అదే జిల్లా. మారిందల్లా ‘ఎలాగూ వచ్చేవి’ ఎన్ని అన్నదే.

మన దగ్గర ఈ ప్రశ్న మరీ గట్టిగా అడగాలి. కొవ్వూరు దగ్గర కుమారదేవంలో ఏటి ఒడ్డున ఉండే నిద్రగన్నేరు చెట్టు మీకు గుర్తుండే ఉంటుంది. జనం ‘సినిమా చెట్టు’ అని పిలిచేవారు. మూడొందలకు పైగా సినిమాల్లో కనిపించిందని చెప్పుకునే ఆ చెట్టు 2024 ఆగస్టులో కూలిపోయింది. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు, చిన్నప్పుడు నాన్న చెయ్యి పట్టుకుని ఆ నీడలో షూటింగ్ చూసినదాన్ని. యూనిట్లు అక్కడికి వచ్చింది ఆ గోదారి కోసం, ఆ కొమ్మల కోసం. పాపికొండలు, పట్టిసీమ, లంకలు, కొబ్బరి నీడలో కాలువ గట్లు... వీటి కోసం వచ్చేవాళ్లు రాయితీ లేకపోయినా వస్తారు. ఆగిపోతున్నవాళ్లు ఎందుకు ఆగుతున్నారన్నదే తెలియాలి.

ఇది మీకూ నాకూ కాదు, మీ బావగారికే బాగా తెలుసు. ఆయన్ని అడగండి. గత రెండేళ్లలో వచ్చి చూసి వెళ్లి మళ్లీ ఫోను చెయ్యని యూనిట్లు ఎన్ని? ఎక్కడికి పోయాయి? కేరళకా, పొల్లాచ్చికా, హైదరాబాద్‌లో సెట్ వేసుకున్నారా? దేనికోసం? గదులు చాలక రోజూ ఊళ్ల మధ్య తిరగాల్సి వస్తుందనా? దేవాదాయ శాఖ, ఇరిగేషన్, పోలీసు, పంచాయతీ అంటూ నాలుగు ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుందనా? కారణం అనుమతుల జాప్యమే అయితే దానికి మందు ఒక్క కిటికీ దగ్గర, ఇన్ని రోజుల్లో అనుమతి ఇచ్చే ఏర్పాటు. దానికి ఖజానా నుంచి పెద్దగా ఏమీ పెట్టక్కర్లేదు, అది అడగడానికి మీకు ఏ సంకోచమూ ఉండక్కర్లేదు.

మరో సంగతి. ‘పన్ను రాయితీ’ అనే మాట ఇప్పుడు మన రాష్ట్రానికి సరిగ్గా అతకదు. ఒకప్పుడు వినోదపు పన్ను రాష్ట్రం చేతిలో ఉండేది, తగ్గించినా మాఫీ చేసినా దాని ఇష్టం. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక ఆ పన్ను అందులో కలిసిపోయింది. ఆదాయపు పన్ను ఎలాగూ కేంద్రానిది. అమెరికాలో చాలా రాష్ట్రాలకు సొంత ఆదాయపు పన్ను ఉంటుంది, అందులోంచి తగ్గిస్తారు. మన దగ్గర రాష్ట్రం ఇవ్వాలంటే వసూలైన డబ్బులోంచి రొక్కం తీసి ఇవ్వాల్సిందే. అందుకే ఈ ఖర్చు మిగతా ఖర్చులతో పోటీ పడుతుంది. శంకరగుప్తం డ్రెయిన్ మీదుగా ఉప్పునీరు ఎక్కి మొవ్వులు ఎండిన కొబ్బరి తోటలు మీకు దగ్గర్లోనే ఉన్నాయి. ఆ రైతు కూడా అదే ఖజానా వైపు చూస్తున్నాడు. మీ వినతిపత్రం చదివే అధికారి టేబుల్ మీద అతని కాగితం కూడా ఉంటుంది.

‘కేంద్రం 40 శాతం ఇస్తోంది, రాష్ట్రం 30 ఇవ్వలేదా’ అని బావగారు అన్నట్టు రాశారు. కేంద్రం 2023 నవంబరులో 40 శాతానికి పెంచిన మాట నిజమే, గరిష్ఠంగా 30 కోట్ల దాకా. కానీ అది మన దేశంలో తీసే విదేశీ సినిమాలకు. మన తెలుగు నిర్మాత దానికి వెళ్లడు. దాన్ని పోలికగా పెడితే వాదన బలహీనపడుతుంది. దానికి బదులు 2022 మార్చిలో మన రాష్ట్రం ఇచ్చిన జీవో 13 చూపించండి. పారితోషికాలు కాకుండా వంద కోట్లు దాటిన సినిమాలకు మొదటి పది రోజులు టికెట్ ధర పెంచుకునే వీలిస్తూ, కనీసం 20 శాతం షూటింగ్ ఇక్కడే చెయ్యాలని షరతు పెట్టారు. దాని ఖర్చు ఖజానాది కాదు, టికెట్ కొనే మనది. ఆ మంచి చెడ్డలు వేరే మాట. ఇక్కడ షూటింగ్ చెయ్యాలనే షరతుతో మేలు చెయ్యడం ప్రభుత్వానికి కొత్త కాదని మాత్రం అది చూపిస్తుంది.

మరి రాయితీలతో నిజంగా నిలదొక్కుకున్న చోట్లు లేవా అంటే ఉన్నాయి. మనకు తెలిసిన ఉదాహరణ హైదరాబాదే. మద్రాసు నుంచి తెలుగు సినిమా తరలి రావడానికి అప్పటి ప్రభుత్వాల పన్ను రాయితీలు, స్టూడియోలకిచ్చిన స్థలాలు తోడ్పడ్డాయి. 1976లో అన్నపూర్ణ, 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ. మధ్యలో ఇరవై ఏళ్లు. అక్కడ పాతుకున్నది షూటింగ్ కాదు. ఎడిటింగ్, డబ్బింగ్, ల్యాబ్, ఆఫీసులు, వాటితో పాటు కార్మికుల కాపురాలు. షూటింగ్ అయిపోయాక కూడా జరిగే పని అది. మన రాజమండ్రిలో 1936లోనే నిడమర్తి సూరయ్య గారు దుర్గా సినీటోన్ పెట్టారు. అది నిలవలేదు. పాలకొల్లు, భీమవరం, మొగల్తూరు, నరసాపురం నుంచి ఎంతమంది వెళ్లి సినిమాను ఏలారో మీకు నేను చెప్పక్కర్లేదు. మనుషుల్నీ కథల్నీ ఏటి ఒడ్డునీ ఇచ్చాం, పని మాత్రం ఇక్కడ కాపురం పెట్టలేదు.

అమెరికాలో జార్జియా రాష్ట్రం 2008 నుంచి 30 శాతం దాకా ఇస్తోంది. అక్కడ స్టూడియోలు లేచాయి, వేలమంది టెక్నీషియన్లు స్థిరపడ్డారు. అయినా ఖజానాకు పన్నులుగా తిరిగొచ్చింది ఇచ్చినదాంట్లో చిన్న వంతేనని ఆ రాష్ట్ర ఆడిట్ నివేదికలే చెప్పాయి. ఈ మధ్య కొన్ని పెద్ద సినిమాలు బ్రిటన్‌కు మళ్లాయి. మిచిగన్ రాష్ట్రం 2008లో ఏకంగా 42 శాతం దాకా ఇచ్చింది, 2015లో పథకమే ఎత్తేసింది. అది నమ్ముకుని బండ్లు, స్టూడియోలు కొన్నవాళ్ల గతి ఏమైందో ఊహించండి. ఈ మిచిగన్ సంగతి మీ రెండో కాగితానికి పనికొస్తుంది, అక్కడ మళ్లీ చెబుతాను.

ఇప్పుడు వినతిపత్రం. మీ ముందు నాకు కనిపించేవి నాలుగు దారులు. ఉన్నది ఉన్నట్టు సంతకం పెట్టొచ్చు. ఇంట్లో ఈ వారమే శాంతి వస్తుంది. కానీ రేపు మీ విద్యార్థి ఎవరైనా ఆ ఐదు రూపాయల గురించి అడిగితే మీ దగ్గర జవాబు ఉండదు. మీరు ఎలాంటి మనిషో మీ ఉత్తరం చదివాక నాకు అనిపించింది, అది మిమ్మల్ని చాలాకాలం తినేస్తుంది. రెండోది, పెట్టనని చెప్పేయడం. మీ మనసు తేలికవుతుంది, అక్క మనసు మూసుకుపోతుంది. పైగా ఒక బలహీనమైన కాగితం మీ బావగారిని తీసుకెళ్లి అమరావతిలో తలదించుకునేలా చేస్తుంది.

మూడోది, కాగితం మీరే తిరగరాయడం. ఇది కష్టం, కానీ మీ చదువు మీ అక్క ఇంటికి ఉపయోగపడే దారి ఇదొక్కటే అని నా నమ్మకం. అందులో మొత్తం బడ్జెట్ మీద శాతం అడగొద్దు. హీరో పారితోషికం, హైదరాబాద్ నుంచి వచ్చే కెమెరాలు, లైట్లు వీటి మీద ఇచ్చే ప్రతి రూపాయీ మళ్లీ హైదరాబాద్‌కే పోతుంది. ఇక్కడి మనుషులకు, ఇక్కడి కొట్లకు, బ్యాంకు ద్వారా, బిల్లు మీద చెల్లించిన దాని మీదే అడగండి. ఖర్చయ్యాక, లెక్క తనిఖీ చేశాక ఇవ్వాలనండి. ఏడాదికి ఇంతకు మించదని, ఒక్క సినిమాకు ఇంతకు మించదని హద్దు మీరే సూచించండి. హద్దు లేని అడుగు చూస్తే ఏ ప్రభుత్వమైనా భయపడుతుంది. మన పిల్లల్ని సహాయకులుగా తీసుకుని పని నేర్పిస్తే కొంచెం ఎక్కువ ఇవ్వమనండి. మేకప్, సౌండ్, ఎడిటింగ్, ఆర్ట్ డిపార్ట్‌మెంట్ ఏదైనా సరే. యూనియన్ కార్డు లేనివాళ్లను తీసుకోవడం మీద అభ్యంతరాలు వస్తాయి, దానికి మాట్లాడుకునే దారి కూడా కాగితంలోనే ఉండాలి.

ఇంకొకటి, నాకైతే ఇదే అన్నిటికంటే ముఖ్యం. ఏ రాయితీ అయినా చేరేది నిర్మాతకు. మీ బావగారికి కాదు. ఆయన ఈ సంగతి సరిగ్గా పట్టించుకున్నట్టు నాకు అనిపించలేదు. కాబట్టి స్థానికంగా ఎవరికీ బాకీ లేదన్న కాగితం చూపించాకే నిర్మాతకు రాయితీ విడుదల కావాలని షరతు అడగండి. షూటింగ్ ముగిశాక నెల రోజులు గడువిచ్చి, బాకీ ఉన్నవాళ్లు చెప్పుకునే వీలుండాలి. ఇలాంటి షరతు ఉండి ఉంటే ఆ మూడున్నర లక్షలు ఈపాటికి మీ అక్క చేతిలో ఉండేవి. వంటవాళ్లు, నావవాళ్లు, బండ్లవాళ్లు ఎంతమందికి ఇలాంటి బాకీలున్నాయో కనుక్కోండి. శాతం 30 నుంచి 20కి తగ్గినా ఈ ఒక్క షరతు వస్తే వాళ్ల బతుకులకు ఎక్కువ ధీమా. దీనికీ ఒక చిక్కుంది. మిగతావాళ్లు ‘ఇన్ని షరతులు పెడితే నిర్మాతలు అసలే రారు’ అని మీ కాగితం పక్కన పెట్టొచ్చు. అప్పుడు మీరు వెనక్కి తగ్గినా మీ వంతు మీరు చేసినట్టే.

నాలుగోది, సంతకం జోలికే పోకుండా ఒక సీజను లెక్క రాసిపెట్టడం. ఎన్ని యూనిట్లు వచ్చాయి, ఎన్ని రోజులు, ఎంతమంది మనవాళ్లు, ఎంత అందింది, ఎంత బాకీ, ఎందుకు రాలేదు. మీ విద్యార్థుల్లో నలుగురికి ప్రాజెక్టుగా ఇవ్వొచ్చు. ఆలస్యమవుతుంది, బావగారికి ఓపిక ఉండాలి. కానీ చేతిలో అలాంటి లెక్క ఉన్న వినతిపత్రం ఎంత అరుదో నాకు తెలుసు. మూడో దారినీ నాలుగో దారినీ కలిపినా తప్పులేదు.

ఇక తాకట్టు. ఇక్కడ నేను గట్టిగా చెబుతాను, నిర్ణయం మీదే అయినా. ఇంకా పుట్టని రాయితీని నమ్ముకుని ఉన్న ఇంటిని పణంగా పెట్టడం నాకు భయంగా ఉంది. పుట్టిన రాయితీయే మిచిగన్‌లో ఏడేళ్లకు పోయింది. 45 లక్షలు, 12 శాతం వడ్డీ, ఐదేళ్లు అనుకుంటే నెల వాయిదా లక్ష రూపాయలు. ఏడాదికి 12 లక్షలు. బావగారికి మంచి ఏడాదిలో 80 రోజుల షూటింగ్ ఉంటుందని రాశారు. డ్రైవరు జీతం, డీజిల్, రిపేర్లు పోగా ఆ 80 రోజుల్లో రోజుకు 15,000 మిగిలితేనే వాయిదా కట్టగలరు, ఇంటికి ఒక్క రూపాయి తీసుకోకుండా. జూలై నుంచి సెప్టెంబరు దాకా వరద, కాజ్‌వేలు మునుగుతాయి. ఎండాకాలం కాలువలు కట్టేస్తే నీళ్లు లేని కాలువను ఎవరూ తియ్యరు. వాయిదా మాత్రం పన్నెండు నెలలూ వస్తుంది. మూడు వాయిదాలు వరసగా తప్పితే ఖాతా మొండిబాకీ కింద పడుతుంది. ఆ తర్వాత 60 రోజుల నోటీసు, ఆపైన సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు కోర్టుకు వెళ్లకుండానే ఇంటిని స్వాధీనం చేసుకోవచ్చు. వ్యవసాయ భూమికి ఆ చట్టం నుంచి మినహాయింపు ఉంది, ఇంటికి లేదు.

కాదంటే ఊరుకోమని కాదు. బండికి బండినే హామీగా పెట్టుకుని ఇచ్చే అప్పులున్నాయి. కేంద్రం ముద్ర పథకం కింద 10 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు, దాంతో ఒక పాత జనరేటర్ బండితో మొదలుపెట్టొచ్చు. రాజమండ్రిలోనో విజయవాడలోనో బండ్లున్నవాళ్లతో రోజు లెక్కన కమీషన్ మాట్లాడుకుని, ఒక సీజను వాళ్ల బండ్లే తిప్పి చూడొచ్చు. లాభం తక్కువ, కానీ ఎన్ని రోజులు నిజంగా తిరుగుతాయో చేతికి తెలుస్తుంది. ఇవేవీ కుదరవు, తాకట్టు తప్పదు అంటే ముందు పంపకాలు చేసుకుని, అక్క తన వాటా మీద తెచ్చుకోవడం ఒక పద్ధతి. అందులో ఇల్లు ముక్కలవుతుందన్న బాధ ఉంది. దాన్ని తక్కువ చేసి చెప్పను.

అక్కతో మాట్లాడేటప్పుడు రాయితీ ఊసు ముందు తేవద్దు. బాకీ ఊసు తీసుకెళ్లండి. ‘ఆ మూడున్నర లక్షల కాగితాలు, వాట్సాప్ మెసేజీలు అన్నీ ఇవ్వు, నోటీసు పంపిద్దాం, లాయరు ఫీజు నేను పెట్టుకుంటాను’ అనండి. బావగారి రెండేళ్ల నోట్‌బుక్ అడిగి, ముగ్గురూ కూర్చుని రోజులు లెక్కపెట్టండి. లెక్క మీ నోటి నుంచి కాకుండా ఆయన నోట్‌బుక్ నుంచి వస్తే ఎవరికీ చిన్నతనం ఉండదు.

చివరగా ఒకటి అడగాలి. నాన్నగారు వీలునామా రాయలేదన్నారు కదా. ఆయన స్వార్జితం అయితే ఆ ఇంట్లో మీకూ మీ అక్కకూ ఎంత వాటా ఉందో, అమ్మగారికీ అంతే వాటా ఉంది, మూడో వంతు. ఆవిడ సంతకం లేకుండా మొత్తం ఇల్లు తాకట్టు పెట్టడం కుదరదు. ఉండేదీ ఆవిడే. పదకొండు పేజీల్లో ఆవిడ ఏమనుకుంటున్నారో ఒక్క ముక్క లేదు. ఈ ఆదివారం ఆవిడ దగ్గర కూర్చుని రెండు కాగితాలూ చదివి వినిపించండి. ఆవిడ ఏమన్నారో నాకు రాయండి.